రాధ పేరు తెలిసిన బుడుగు, శారద పేరు తెలియని పిల్లలు

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ హాస్యం బీరువాలో ఉంటుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ స్త్రీవాద కథల బీరువాలో ఉంటుంది. గ్రంథాలయం వాళ్ళకి ఇది సుఖం. సాహిత్య సభలు పెట్టేవాళ్ళకి ఇంకా సుఖం, ఒక సభకి వచ్చినవాళ్ళు రెండో సభకి రానక్కర్లేదు. కానీ రెండూ జరిగేది ఒకే చోట: చిన్నపిల్లలున్న మధ్యతరగతి తెలుగు ఇంట్లో. ఒకటి 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో, బాపు బొమ్మలతో, వారం వారం వచ్చింది. రెండోది 1990 నాటి చిన్న కథ, ఒక్క కాఫీ చల్లారేలోగా చదివేయొచ్చు. మొదటిదాంట్లో పిల్లవాడు మాట్లాడుతూనే ఉంటాడు, తల్లి వాడి మాటల సందుల్లోంచి కనపడుతుంది. రెండోదాంట్లో కథంతా తల్లే, పిల్లలు అడిగినదానికి జవాబు చెప్పి పక్కకి తప్పుకుంటారు. ఈ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టుకుని చదవాలన్నది నా పట్టుదల. అలా చదివితే ‘బుడుగు’ కాస్త బరువెక్కుతుంది, ‘ఇల్లలకగానే’ కాస్త నవ్వు తెప్పిస్తుంది. రెండిటికీ అది మేలే.

ముందు కంటపడేది పేర్ల సంగతి. బుడుగు తన పరిచయం తనే చేసుకుంటాడు. ఆ బుడుగన్నదీ పిడుగన్నదీ ముద్దుపేర్లే. అసలు పేరు వేరే ఉందనీ, అది చాలా పొడుగనీ, కావాలంటే నాన్నని కనుక్కోమనీ మనల్ని పంపించేస్తాడు. ఆ పేరు వాడుకలో లేకపోవడం వాడికి లోటు కాదు. అది వాడికి పెట్టెలో దాచిన పట్టు లాల్చీ లాంటిది. పండగకో పెళ్ళికో పెద్దవాళ్ళే తీసి తొడుగుతారు, అందాకా చిరుగుల లాగుతో ఊరంతా తిరగొచ్చు. తన పేరు సంగతి అలా తేల్చేసి, ఇక లోకానికంతా పేర్లు పెట్టడం మొదలుపెడతాడు. సీగాన పెసూనాంబ, రెండుజెళ్ళ సీత, లావుపాటి పక్కింటి పిన్నిగారి ముగుడు, తీసేసిన తాసీల్దారు గారు. వాడి నోట పడ్డాక ఆ మనిషికి మరో పేరు అతకదు. ఇంతమందికి బిరుదులిచ్చినవాడు తల్లిని, తండ్రిని మాత్రం ఉన్న పేర్లతోనే చెబుతాడు: రాధ, గోపాళం.

సత్యవతి కథలో ఇది తలకిందులైంది. చదువూ చలాకీతనం అన్నీ ఉన్న ఒక అమ్మాయి పెళ్ళై గృహిణి అవుతుంది. ఈ ఇల్లు నీదే అంటాడు భర్త. ఆవిడ కొంగు బిగించి అలుకుతుంది, ముగ్గులు పెడుతుంది, మెప్పు పొందుతుంది, మళ్ళీ అలుకుతుంది. ఓ రోజు అలుకుతూ అలుకుతూ ఉండగా తన పేరేమిటో తనకే గుర్తు రాదు. పనిమనిషిని అడిగితే, అమ్మగారికి పేరుతో ఏం పని అన్నట్టు చూస్తుంది. పిల్లల్ని అడిగితే, నీ పేరు అమ్మే కదా అంటారు. ఇంటాయన ఏనాడూ ఏమోయ్ అనడం తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. చివరికి పుట్టింటికి వెళ్ళి పాత సర్టిఫికెట్ల కోసం వెతుక్కునే స్థితి. ఆ ప్రయాణంలో కలిసిన చిన్ననాటి స్నేహితురాలు శారదా అని పిలవగానే ఆవిడకి పేరొక్కటే కాదు, తను బొమ్మలు వేసేదన్న సంగతీ, చదువులో ముందుండేదన్న సంగతీ అన్నీ తిరిగొస్తాయి.

బుడుగుకి వాళ్ళమ్మ పేరు తెలుసు, శారద పిల్లలకి తెలియదు. నా దృష్టిలో ఈ రెండు రచనల మధ్య అసలు సంభాషణంతా ఇక్కడే జరుగుతోంది. పిల్లలకి పేర్లు ఆకాశంలోంచి ఊడిపడవు. ఇంట్లో ఎవరో పిలవాలి, ఆ పిలుపు వాళ్ళ చెవిన పడాలి. బుడుగు రాధ అంటున్నాడంటే ఆ ఇంట్లో ఆ పేరు గాల్లో తిరుగుతోందని అర్థం. మొగుడు పెళ్ళాన్ని ఒసే అనో, ఫలానావాళ్ళమ్మా అనో పిలుచుకునే రోజులు ఇంకా పోని కాలం అది. పైగా అత్తగారు అదే ఇంట్లో ఉంది. అయినా పేరు చెవిన పడింది. ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక, మరింత ఆధునికం అయి ఉండాల్సిన శారద ఇంట్లో పడలేదు. కాలం ముందుకు నడుస్తుంది, ఇళ్ళు కూడా నడుస్తాయి అనుకునేవాళ్ళకి ఇది కాస్త ఇబ్బంది కలిగించే విషయమే.

అయితే రాధ అదృష్టవంతురాలు, శారద దురదృష్టవంతురాలు అని ఊరుకుంటే విమర్శ అక్కడితో అయిపోయినట్టే. రాధకి పేరుంది సరే, ఆవిడ సోమవారం ఎలా గడిచిందో మనకేం తెలుసు?

‘బుడుగు’ వారపత్రిక బిడ్డ. ప్రతి వారం కొత్తగా లేస్తాడు. పోయినవారం చేసిన అల్లరి బరువు ఈ వారం వాడి మీద పడదు. ప్రైవేటు మాష్టారు ఒకాయన పోతే ఇంకొకాయన వస్తాడు. పాఠకుడు పత్రిక తెరిచేసరికి వాడు తయారుగా ఉంటాడు. నిజం ఇంట్లో వారం అలా నడవదు. మా కోస్తా ఇళ్ళల్లో వారం ఆదివారం మధ్యాహ్నం మినప్పప్పు నానబెట్టడంతో మొదలవుతుంది. సాయంత్రం రుబ్బి, ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలిపి, రాత్రి గట్టు మీద పెడితే సోమవారం ఇడ్లీ. మంగళవారం మళ్ళీ ఇడ్లీ, కాకపోతే పచ్చడి మారుతుంది. బుధవారానికి పిండి కాస్త పులుస్తుంది కాబట్టి మూకుట్లో నూనె పోసి దిబ్బరొట్టె. గురువారానికి అడుగున మిగిలిన పిండిలో గుప్పెడు బియ్యప్పిండి, తరిగిన ఉల్లిపాయలు పడేసి, పిల్లలు బడి నుంచి రాగానే పునుకులు. శుక్రవారం ఉప్మా, దాంతోపాటు రెండు మూతిముడుపులు. ఆ రాత్రి పెసలు నానితే శనివారం పెసరట్టు. ఈ పట్టీ గోడ మీద ఎవరూ రాసి అంటించరు. దీని పక్కనే ఇంకో పట్టీ నడుస్తుంటుంది: ఏ రోజు తెల్ల డ్రస్సు, ఎవరి బూట్లకి పాలిష్, ఎవరి డైరీలో సంతకం. రాత్రి తొమ్మిదింటికి, కొట్లు కట్టేసే వేళకి, రేపటికి చార్టు పేపరు కావాలని ఒకడు చల్లగా చెబుతాడు. పొద్దున వ్యాను హారన్ మోగే సమయానికి ఒక సాక్సు కనపడదు.

ఇందులో చేతులు చేసే పని సగమే. తక్కిన సగం గుర్తుంచుకోవడం. పప్పు నానబెట్టడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆ రెండు నిమిషాల్ని ఆదివారం మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తున్న వేళ ఎవరో ఒకరు గుర్తు తెచ్చుకోవాలి. ఈ మాట పట్టుకుని సత్యవతి కథ దగ్గరికి వెళితే ఆ మతిమరుపు వేరే రకంగా కనపడుతుంది. మామూలుగా ఆ కథ గురించి ఏం చెబుతారంటే, ఇంటి చాకిరీలో ఆడదాని అస్తిత్వం కరిగిపోయిందని. నిజమే. కానీ శారద మతిమరుపు మనిషి కాదు. ఇంట్లో అందరివీ అన్నీ ఆవిడకే గుర్తుండాలి. ఎవరి వస్తువు ఎక్కడుందో ఆవిడకే తెలియాలి. అంత నిండిన తలలోంచి ఒకటి జారిపోవాల్సి వస్తే ఎవరూ అడగనిదే ముందు జారిపోతుంది. ఆవిడ పేరు ఎవరికీ అవసరం పడలేదు, అందుకని అది జారిపోయింది. సత్యవతి ఈ మాట ఎక్కడా విప్పి చెప్పదు, చెప్పి ఉంటే కథ పాడయ్యేది.

2019లో జాతీయ గణాంక కార్యాలయం మన దేశంలో ఎవరి రోజు ఎలా గడుస్తోందో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా, అరగంటల గళ్ళలో. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళకి దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పడుతోందని తేలింది. మగవాళ్ళకి 97. అదీ ఆ పని ముట్టుకున్న మగవాళ్ళ లెక్క. ముట్టుకున్నవాళ్ళు నూటికి 26 మందే. ఆడవాళ్ళ లెక్కని ఏడుతో హెచ్చవేస్తే వారానికి దాదాపు 35 గంటలు, అంటే ఒక ఉద్యోగం. పిల్లల్ని చూసుకోవడం ఇందులో కలపలేదు, దానికి వేరే పట్టీ ఉంది. ఎంత జాగ్రత్తగా గళ్ళు గీసినా మినప్పప్పు గుర్తుకొచ్చిన క్షణానికి అందులో గడి లేదు. ఆ గడి సాహిత్యమే గీయాలి. ఇద్దరు రచయితల్లో సత్యవతే దాని దాకా వెళ్ళింది.

మరి రమణగారు ఎందుకు వెళ్ళలేదు? మగవాడు కాబట్టి అన్న జవాబు తయారుగా ఉంది. అది సోమరి జవాబు. చెప్పేవాడు చిన్న కుర్రాడు. వాడి ఎత్తు నుంచి వంటింటి గట్టు మీద ఏముందో కనపడదు. కంచంలోకి వచ్చిందే కనపడుతుంది. చూసేవాడి ఎత్తుని రమణ ఒక్క వాక్యంలో కూడా తప్పలేదు. పెద్దవాళ్ళ బాధని వాడి నోట పెట్టి కన్నీళ్ళు తెప్పించే అవకాశం ప్రతి పేజీలోనూ ఉంది, ఆయన తీసుకోలేదు. వాడు చూడని దానికి బదులు వాడు విన్నది రాశాడు. పెద్దవాళ్ళు పిల్లల ముందు మాట్లాడేటప్పుడు వాడికేం తెలుస్తుందిలే అనుకుంటారు. వాడికి తెలియదు నిజమే, కానీ ఉన్నదున్నట్టు పక్కింట్లో ఒప్పజెబుతాడు. బాబాయి రెండుజెళ్ళ సీత కోసం పడే పాట్లు, ఇరుగుపొరుగుల గొప్పలు, అప్పులు, మాష్టర్ల నిస్సహాయత, అన్నీ మనకి అలా అందినవే. ‘బుడుగు’ తర్వాత తెలుగు సినిమాల్లోనూ టీవీల్లోనూ పుట్టుకొచ్చిన ముదురు పిల్లలకీ వాడికీ తేడా ఇక్కడే. వాళ్ళు పెద్దవాళ్ళ మాటలు అర్థం చేసుకునే మాట్లాడతారు, అందుకే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. వీడికి అర్థం కాదు, అందుకే ముద్దొస్తాడు.

ఇంకో కారణం, దీన్ని విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు, ఇంట్లో మనుషుల లెక్క. బుడుగు ఇంట్లో బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు. గోడ అవతల పిన్నిగారున్నారు, వీధిలో సీగాన పెసూనాంబ ఉంది. వాడి అల్లరి ఒక్కరి నెత్తినే పడదు, పదిమందికీ పంచుకుపోతుంది. పొద్దున బామ్మ దగ్గర, మధ్యాహ్నం పక్కింట్లో, సాయంత్రం మాష్టారి ప్రాణం మీద. ఇంతమంది మీద పరుచుకుంటేనే అల్లరి హాస్యం అవుతుంది. అదే పిల్లవాణ్ణి ఒక్క తల్లితో మూడు గదుల్లో వేసి తలుపు మూయండి, రెండో రోజుకి హాస్యం ఆవిరైపోతుంది. శారద కథలో జరిగింది అదే. బామ్మ లేదు, బాబాయి లేడు. ఇరుగుపొరుగులున్నారు, కానీ వాళ్ళకి ఆవిడ ఫలానా ఆయన భార్య మాత్రమే. ఎదురింటి గేటు మీద ఒకావిడ పేరు డిగ్రీలతో సహా చెక్కి ఉంటుంది. శారదకి తన పేరు లేదన్న సంగతి ఆ పలక చూశాకే గట్టిగా గుచ్చుకుంటుంది. ఉమ్మడి కాపురం స్వర్గమని నేననడం లేదు. ఆ బామ్మగారు కోడలిగా ఉన్నప్పుడు ఆవిడ పేరు ఎవరికి తెలుసో ఎవరూ రాయలేదు. ‘బుడుగు’లోని నవ్వుకి పెట్టుబడి అంతమంది మనుషులని మాత్రమే అంటున్నాను.

రెండు రచనలనీ కలిపే మూడోది ఒకటుంది: ఈగ కథ. ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ కథ వినని తెలుగు బిడ్డ ఉండదు. పెద్దమ్మని అడుగుతుంది, పెద్దమ్మ కొడుకుని, కొడుకు చేతిలో గొడ్డలిని, గొడ్డలి నరికే మానుని. ఊరూరికీ ఈ వరస కాస్త మారుతుంది, చెప్పేవాళ్ళ ఓపికని బట్టి పెరుగుతుంది కూడా. చివరికి గుర్రాన్ని, గుర్రం కడుపులో పిల్లని అడిగితే అది ఇహిహీ అని సకిలించి, నీ పేరు ఈగ కదా అంటుంది. ఇది అన్నం తినిపించేటప్పటి కథ. ఒక్కో ప్రశ్నకి ఒక్కో ముద్ద. గొలుసు ఎంత పొడుగైతే బిడ్డ పొట్టలోకి అంత అన్నం వెళుతుంది. అందుకే దీనికి అంత పొడవు.

సత్యవతి చేసిన గడుసు పని ఏమిటంటే, తల్లి బిడ్డకి చెప్పే కథని తీసుకుని తల్లి మీదే చెప్పింది. ముద్దలు కలుపుతూ ఎన్ని వందలసార్లు ఆ ఈగని తలుచుకుని నవ్వించి ఉంటుందో, ఆ మనిషే ఈగ అయింది. అలకడం, మర్చిపోవడం, ఇంటింటికీ తిరిగి అడగడం, అన్నీ అలాగే ఉంచింది. ఒక్కటి మార్చింది. జానపద కథలో పేరు చెప్పేది ఇంకా పుట్టని పసికందు. సత్యవతి కథలో పిల్లలు చెప్పలేరు, చిన్ననాటి స్నేహితురాలు చెబుతుంది. ఆ మార్పులో ఒక తీర్పు ఉంది: పేరు పిల్లల దగ్గర దొరకదు, వాళ్ళు పుట్టకముందు నిన్నెరిగినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. పిల్లల పెంపకంలో మునిగినవాళ్ళు ముందుగా వదులుకునేది స్నేహితుల్నే కాబట్టి ఈ తీర్పుతో పేచీ పెట్టడం కష్టం.

అయినా నాకు చిన్న పేచీ ఉంది. ఆ తీర్పు కోసం పిల్లల్ని మరీ పలచన చేసేసింది సత్యవతి. వాళ్ళకి పేర్లు లేవు, తగాదాలు లేవు, ఒకడు ఇంకొకడి పెన్సిల్ లాక్కోడు. పేరు పోయిన తల్లి కథలో ఆవిడ కన్నబిడ్డలకీ పేర్లు లేకపోవడం కావాలని చేసిందే అనుకోవచ్చు. కానీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండిపోయింది. భర్త కూడా కీలుబొమ్మ. ఏం మాట్లాడతాడో అతను నోరు తెరవకముందే తెలిసిపోతుంది. నీతికథకి ఇంతకన్నా కండ పడితే బరువవుతుందని సమాధానం చెప్పొచ్చు. ఒప్పుకుంటాను. మనం ఆ కథని ఇంటి వర్ణనగా కాక ఇంటి గురించిన ఫిర్యాదుగా చదవడానికి కారణం మాత్రం అదే. జానపద కథలోని ఆ గుర్రం కడుపులో పిల్ల ఎక్కడికి పోయిందీ అంటే, 1956లోనే పుట్టేసి, లాగూ ఎగలాక్కుంటూ, రాధ, గోపాళం అని వీధిలో చాటుతూ తిరిగింది. సత్యవతి తన కథలోంచి తీసేసిన పాత్రని రమణ అప్పటికే రాసిపెట్టాడు. రెండూ కలిపి చదవమంటున్నది ఇందుకే.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ని ఇక్కడ ఒక్క మాట అనుకోక తప్పదు. అక్కడా చెప్పేవాడు పిల్లవాడే, చిత్తూరు జిల్లా పల్లెలోని పేద రైతు కొడుకు. కానీ వాడికి తల్లి కష్టం కనపడుతుంది. కనపడకుండా ఎలా ఉంటుంది, చేలో, పశువుల దగ్గర వాడూ పక్కనే ఉంటాడు కదా. బడికీ ట్యూషనుకీ పంపి పిల్లల్ని పనికి దూరం చేసిన పట్నపు ఇళ్ళల్లోనే తల్లి పని పిల్లలకి కనపడకుండా పోయింది. శారద పిల్లలు కఠినులు కాదు. వాళ్ళు ఇంట్లో ఉండేదే తక్కువ, ఉన్నంతసేపూ వాళ్ళ ముందుకొచ్చేది తయారైన పునుకుల పళ్ళెమే కానీ పులిసిన పిండి కాదు.

రెంటిలో ఏది గొప్పదంటే, వాక్యానికి వాక్యం తూచితే, ‘బుడుగు’. తెలుగు మాటని అంత స్వేచ్ఛగా ఆడించిన వచనం తర్వాత చాలా తక్కువగా వచ్చింది. ఆలోచనలో ‘ఇల్లలకగానే’ ముందుంటుంది. ఒక సామెతలో సగాన్ని పేరుగా పెట్టుకుని తక్కిన సగం చదివేవాళ్ళ చేత అనిపించే కథ అది. బళ్ళకెళ్ళే పిల్లలున్న ఇంటికి కానుకగా రెండూ ఇవ్వొచ్చు, ఎవరికి ఏది అన్నదే చూసుకోవాలి. నేనైతే ‘బుడుగు’ తల్లికిస్తాను, ‘ఇల్లలకగానే’ తండ్రికిస్తాను. ఆ కథలోని సంగతి తల్లికి కొత్తది కాదు, నవ్వే ఆవిడకి కరువు. తండ్రికి ‘బుడుగు’ ఇస్తే పడక్కుర్చీలో వాలి పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉండిపోతాడు. ఆదివారం మధ్యాహ్నమైతే మినప్పప్పు మళ్ళీ ఆవిడే నానబెట్టాలి.